మొగం మద్రాసులో వేస్తారు

మా ఇంటికి పత్రికలు పొట్లం కాగితాలుగా వచ్చేవి. కొని తెప్పించుకునే తాహతు లేదు, తెప్పించినా చదివే దిక్కు లేదు. ఎమ్మిగనూరులో మా వీధంతా మగ్గాల ఇళ్లు. పదిరోజులకొకసారి నాయిన నేసిన చీరలు మూట కట్టుకుని బస్సెక్కి ఆదోని పోయేవాడు. అక్కడ దూది వ్యాపారమూ బట్టల కొట్టూ రెండూ ఉన్న సావుకారు ఒకాయన ఆ చీరలు తీసుకుని కొత్త నూలు ఇచ్చేవాడు. సావుకారి ఇంటికి మద్రాసు నుంచి రైల్లో వారపత్రిక వచ్చేది. వాళ్లు చదివేసిన పత్రికలు చించి, రంగునూలు చుట్టి ఇచ్చేవాళ్లు. నాయిన ఇంటికొచ్చి నూలు విప్పుకుంటే కాగితం నాది.

అది రెండో ప్రపంచ యుద్ధానికి రెండు మూడేళ్ల ముందు మాట. మాది అప్పుడు బళ్లారి జిల్లా. నాకు పదకొండేళ్లు. మా వీధి ఆడవాళ్లలో అక్షరాలొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఐదో తరగతి దాకా బడికి పంపి, ఆడపిల్లకు ఇంక చాలని ఆపేశారు. మధ్యాహ్నం పూట మా పంచలో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి, రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేవాళ్లు. చేతులకే గానీ చెవులకు పని లేదు కదా, "సదువే పాపా, ఆ కాగితంలో ఏమున్నాదో" అనేవాళ్లు. నేను చదివేదాన్ని. కథలు ఎప్పుడూ సగమే దొరికేవి. కథలో ఆయన రైలెక్కేవాడు, దిగేవాడు కాదు. వెనక అట్ట మాత్రం గట్టి కాగితం, పొట్లానికి బాగుంటుందని దాన్ని చించకుండా వాడేవాళ్లు. ఆ అట్ట మీద ఉండేవన్నీ ప్రకటనలు. అందువల్ల మా పంచలో మొదలూ తుదీ ఉండి వినిపించినవి ప్రకటనలే. తలనూనె, పంటిపొడి, బలం మందు, సబ్బు, ముఖానికి రాసుకునే స్నో.

ఇప్పుడు ఈ వయసులో ఎవరైనా పత్రికల వల్ల ఆడవాళ్ల బుద్ధులు చెడిపోయాయని నా దగ్గర మాట్లాడితే నాకు విసుగొస్తుంది. పత్రిక తనంతట తాను నోరు తెరిచి మాట్లాడదు. మా వీధిలో దానికి నోరు నేను.

ఆ స్నో ప్రకటనలో రెండు గళ్లు. మొదటి గడిలో ఒకామె తల వంచుకుని కూర్చుంది. ముఖమంతా నల్లటి గీతలు గీశారు. వెనక ఆమె భర్త కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రెండో గడిలో ఆమే, తెల్లగా, చుట్టూ వెలుగు గీతలతో. భర్త ఇటు తిరిగాడు. కింద రాసింది నాకిప్పటికీ కంఠతా వచ్చు. 'నల్లని మేనిఛాయ మీకు విచారము కలిగించుచున్నదా? ఒక వారము దినములలో మీ వదనము శోభిల్లును.' బడిలో పద్యం చదివినట్టు రాగం తీసి చదివాను.

"అంటే ఏమే?" అంది పక్కింటి అవ్వ.

"నల్లగుంటే బాధ గదా అని అడుగుతాండారవ్వా."

"బాధేమి దాంట్లో? అదేమన్నా కడుపునొప్పా?" అని అవ్వ నవ్వింది. తక్కినవాళ్లూ నవ్వారు. మా అక్క నవ్వలేదు. తిప్పుతున్న రాట్నం ఆపి, "ఆ బొమ్మ ఇట్లియ్యి పాపా" అంది.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. మాకు అన్నదమ్ములు లేరు కాబట్టి మేనమామ కొడుకునే ఆమెకు చేసి ఇల్లరికం తెచ్చుకున్నారు. నాయినకు దగ్గు పట్టుకున్నాక ఆయన మగ్గం గుంతలోకి అక్క దిగింది. పక్క మగ్గం బావది. అక్క నలుపు. మా ఊరి చుట్టూ ఉండే రేగడి రంగు. ఆ రేగడిలోనే తెల్లటి దూది పండుతుంది గానీ, ఆ సంగతి చేను దాటాక ఎవరికీ గుర్తుండదు. వీధిలో ఆమెను నల్లపిల్ల అనేవాళ్లు, అనకపోలేదు. పొడుగుపిల్ల, మెల్లకన్ను పిల్ల, నల్లపిల్ల అని ఆనవాలుకు అనేవాళ్లు. ఆ మాటకు ఎవరూ మందు చెప్పలేదు. మందు చెప్పాకే అది జబ్బయింది.

ఆమె నేత గురించి కూడా చెప్పాలి. మా వీధిలో అంచు నేయడంలో మా అక్కను మించినవాళ్లు లేరు. చీర మగ్గం మీంచి కోసి దించగానే కళ్లు మూసుకుని, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, గోరుతో మెల్లగా తడుముకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయేది. పోగు ఎక్కడ తప్పినా ఆ గోటికి తగిలేది. నాయిన కళ్లజోడు పెట్టుకుని వెతికినా దొరకని తప్పు ఆమె చీకట్లో కూడా పట్టుకునేది. ఆ పని చేసేటప్పుడు ఆమె ముఖం చూడాలి. గుళ్లో హారతి కళ్లకద్దుకునేవాళ్ల ముఖం అట్లా ఉంటుంది. ఆ ముఖం నల్లగా ఉందో తెల్లగా ఉందో నాకు ఆ కాగితం వచ్చేదాకా తోచనే లేదు.

ఉరుకుంద తిరునాళ్లలో బావ కొనిచ్చిన చిన్న అద్దం ఒకటి ఆమెకుండేది. అంతవరకూ దాన్ని పొద్దున బొట్టు పెట్టుకోవడానికే తీసేది. ఆ తర్వాత మగ్గం పక్కనే, కండెల బుట్టలో పెట్టుకుంది. రెండు మూరలు నేసేది, అద్దం చూసుకునేది. బావ రెండు మూడు రోజులు గమనించి అడిగాడు.

"ఏమైంది నీకు? నేనేమన్నా అంటినా?"

"నువ్వు అనలేదులే. పుస్తకంలో అన్నారు."

"పుస్తకమోళ్లకు నువ్వెట్ల తెలుసు?"

బావ మాట సూటిగానే ఉంది. కానీ అక్క దగ్గర అది పని చేయలేదు. తనను చూడనివాళ్లకే ఈ సంగతి తెలిసిపోయిందంటే, చూసేవాళ్లు ఇన్నాళ్లూ మొహమాటానికి దాచారని అనుకుంది. బావ మంచితనం కూడా ఆ మొహమాటం లెక్కలోకే పోయింది. పాపం, ఆయనకు అది ఎన్నటికీ అర్థం కాలేదు.

స్నో డబ్బా ఎమ్మిగనూరు అంగళ్లలో దొరకదు. ఆదోనిలో ఉందన్నారు గానీ నాయినను తెమ్మని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' అని మా అమ్మ అప్పటికే రెండు మూడుసార్లు ఎవరినో అన్నట్టు అంది.

ఇట్లా ఉండగా ఒకసారి ఆదోని నుంచి వచ్చిన నాయిన, మూట దించకముందే కబురు చెప్పాడు. ఉగాదికి సావుకారు తన కొట్టు పేరుతో క్యాలెండరు వేయిస్తున్నాడు. దాని మీద మన ఎర్రంచు చీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉండాలట. పటం తీయడానికి బళ్లారి నుంచి మనిషి వస్తాడు. మద్రాసులో రంగులేసి అచ్చేస్తారు. "ఆ సీర నేసిన సేతులకే కట్టిచ్చి పటం తీయిస్తాడంట. మన పెద్దదాన్ని తీసుకురమ్మన్నాడు" అన్నాడు నాయిన.

అమ్మకు నచ్చలేదు. "బజార్లో గోడగోడకూ తగిలిచ్చేదానికి మన పిల్లనా? వాళ్లింట్లో ఆడోళ్లు లేరా?"

"వాళ్లింటి ఆడోళ్లు బొమ్మలో ఉంటే బాగుంటాదా?" అన్నాడు నాయిన. తర్వాత ఏమనుకున్నాడో, "సావుకారు అడిగినాక యాడ కాదనేదే" అని దగ్గు అందుకున్నాడు. వాళ్ల ఆడవాళ్లు గోడ మీద ఉండకూడదు, మా వాళ్లయితే ఉండొచ్చు. ఆ వయసులో నాకు ఇందులో అవమానం కనిపించలేదు. మా అక్క బొమ్మ అచ్చవుతుంది, నేను చదివే కాగితాల్లో బొమ్మల లాగా. ఆ ఆనందంలోనే ఉన్నాను.

అక్క మాత్రం ఒక్కటే అడిగింది. "పటానికి ఇంకా ఎన్ని దినాలుండాది నాయినా?"

"ఎనిమిది దినాలు."

ఒక వారము దినములలో అని కాగితంలో ఉన్నది ఆమెకు గుర్తుంది. నేను రాగం తీసి చదివింది ఊరికే పోలేదు.

కోరా నూలు పుట్టుకతో మట్టి రంగులో ఉంటుంది. దాన్ని తెల్లగా చేయడం మా ఇళ్లలో ఆడవాళ్ల పని. నానబెట్టి, తొక్కి, బ్లీచింగు పొడి కలిపిన నీళ్లలో ముంచి, తెలుపు వచ్చాక నాలుగైదు నీళ్లు మార్చి జాడించాలి. కలరా వచ్చినప్పుడు బావుల్లో వేస్తారే, ఆ ఘాటు పొడే. అది ఎక్కువైతే నూలు చచ్చిపోతుంది, చేత్తో లాగితే తెగుతుంది. తక్కువైతే మట్టి రంగు పోదు. ఎంత వేయాలో, ఎంతసేపు ఉంచాలో మా అక్కకు తెలిసినట్టు వీధిలో ఎవరికీ తెలీదు. పని తెలియనిదైతే ఆ సాహసం చేసేది కాదు. బాగా తెలిసినది కాబట్టే చేసింది.

ఆ మధ్యాహ్నం అమ్మ గోనెగండ్లలో ఎవరింట్లోనో బిడ్డను తొట్టెలో వేస్తుంటే పోయింది. నాయిన అరుగు మీద పడుకున్నాడు. బావ పడుగు పని మీద పక్క వీధిలో ఉన్నాడు. అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"నూలు గూడ పుట్టినప్పుడు మట్టి రంగే గదా పాపా" అంది.

"అవునక్కా."

"నీళ్లల్లో కలిపితే కారిపోతాది. గంజిలో కలుపు."

పడుగుకు పట్టించే గంజి ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. కొబ్బరిచిప్పలో నేనే కలిపాను. పొడి ఎంతో ఆమె చెప్పింది. ఇంకొంచెం వేస్తే ఇంకా తెల్లగా అవుతుందని ఒక చిటికెడు నేను ఎక్కువ వేశాను. ఈ మాట ఆమె బతికున్నన్ని రోజులూ నేను చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. రాసినందువల్ల బరువు తగ్గుతుందని అంటారు గానీ నాకేమీ తగ్గలేదు.

ముందు కుడి చెంపకు పూశాను. ఆరడానికి విసరమంది. విసరడానికి చేతికి దొరికింది ఆ పత్రిక అట్టే. పడుగుకు గంజి పెట్టాక ఆరేదాకా మనిషి కదలకుండా చూస్తుందే, అట్లా కూర్చుంది.

"మండుతాందా అక్కా?"

"మండితేనే పట్టినట్టు."

కాసేపటికి ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. అయినా లేవలేదు. నూలును ఎంతసేపు నాననిస్తుందో అంతసేపు ఓర్చుకుంది. చివరికి లేచి తొట్టి దగ్గరికి పోయి కడుక్కుంటే, గంజితో పాటు తోలు కూడా వచ్చింది. నీళ్లు నాలుగైదు మార్చి కడిగింది, నూలును జాడించినట్టే. ఒక్క అరుపు అరవలేదు. నేనే ఏడ్చాను.

అమ్మ వచ్చి చూసి ముందు నన్ను కొట్టింది, తర్వాత నెత్తి కొట్టుకుంది. వెన్న రాశారు, కలబంద రాశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. వీధిలో అడిగినవాళ్లకు నూనె చిట్లిందని చెప్పాం. బావ ఆమె ఎదురుగా కూర్చుని, "నన్ను ఒక్క మాట అడిగింటే నువ్వు బాగుండావని సెప్పుండేవాణ్ని గదే" అన్నాడు. ఆయన ఆ మాట చెప్పడం నేను వినడం అదే మొదలు. అడగకపోయినా చెప్పాల్సిన మాట అని ఆ కాలం మగవాళ్లకు తెలీదు.

పటం రోజు మానుకుందామని అమ్మ అంది. నాయిన సావుకారికి మాటిచ్చాడు. నాయినా, అక్కా, నేనూ బస్సులో ఆదోని పోయాం. దారి పొడుగునా అక్క కొంగు చెంపకు అడ్డం పెట్టుకునే కూర్చుంది. బస్సు కుదుపులకు కొంగు పుండుకు అంటుకుంటే మెల్లగా విడదీసుకునేది.

సావుకారి ఇంటి నడిమి వాకిట్లో ఒక దుప్పటి కట్టి, దాని ముందు పూలకుండీ, కుర్చీ పెట్టారు. సావుకారి భార్య లోపల్నుంచి హారమూ వంకీలూ తెచ్చి అక్కకు పెట్టింది. కొంగు తీయగానే ఉలిక్కిపడింది. "ఏమమ్మా ఇది? ఇట్లా మొగం పెట్టుకుని వస్తివే" అంది. అక్క తల వంచుకుంది. సరిగ్గా ఆ మొదటి గడిలో బొమ్మ లాగే ఉంది. నాయిన గొంతు సవరించుకుని, "నూనె సిట్లిందమ్మా" అన్నాడు.

బళ్లారి ఆయన పెట్టె మీద నల్లగుడ్డ సర్దుకుంటూ మా వైపు చూడనైనా చూడలేదు. "ఏం పరవాలేదమ్మా. మొగం మద్రాసులో యేస్తారు. నాకు సీర మడతలు, సెయ్యి సరిగా రావాల, అంతే. నువ్వు ఊరికే నిలబడు" అన్నాడు.

ఆయన చెడ్డగా అనలేదు. ఓదార్పుగానే అన్నాడు. కానీ మా అక్క ముఖం అప్పుడు చూడాల్సింది. పుండు పడ్డ రోజు కూడా అట్లా లేదు. ఎనిమిది రోజులుగా ఆమె దేనికోసం తపించిపోయిందో, అది అసలు ఎవరికీ అక్కర్లేదు. మొదటి నుంచీ అక్కర్లేదు. తెల్లగా వచ్చినా అక్కర్లేదు, నల్లగా ఉన్నా అక్కర్లేదు. ఆమె పోయి దుప్పటి ముందు నిలబడింది. చేయి ఎక్కడ పెట్టుకోవాలో ఆయన చెప్పలేదు. ఆమె చేయి తనకు అలవాటైన చోటికే పోయింది. చీర అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది.

క్యాలెండరు ఉగాదికి ముందే వచ్చింది. నాయిన చుట్ట చుట్టి తెచ్చి గోడకు కొట్టాడు. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. అందులో గులాబి రంగు ముఖం, చెవుల దాకా కళ్లు, గుప్పిట్లో పట్టేంత నడుము. గుంత మగ్గంలో కూర్చుని కాళ్లతో తొక్కే మనిషి నడుము అట్లా ఉండదు, భుజాలు అంత జారుగా ఉండవు. అవన్నీ మద్రాసులో సరిచేశారు. "ఎంత బాగుండాదో" అన్నారు అందరూ. "యా ఊరి దొరసానో" అంది అవ్వ. ఎవరూ మా అక్క వైపు తిరగలేదు. బొమ్మలో ఆమె ఉండాలనే మాటే అందరూ మరిచిపోయారు.

ఆ చేతిని మాత్రం వాళ్లు దిద్దలేదు. తెల్లరంగు పూశారు గానీ పట్టు మారలేదు. ఆ దొరసాని అంచును గోటితో తడుముతోంది, పోగు తప్పిందేమోనని. మగ్గం ఎక్కనివాళ్లెవరికీ ఆ పట్టు రాదు. నేను అది చూపించి, "ఇది నీ సెయ్యే గదక్కా" అన్నాను.

అక్క దగ్గరికి వచ్చి చూసింది. "ఆ," అంది. "పనికొచ్చినంత తీసుకున్నారులే."

పుండు మానింది. మానిన చోట తెలుపు వచ్చింది. చింతపిక్కలు నాలుగు పక్కపక్కన పరిచినంత మేర, సున్నం కొట్టినట్టు. కోరుకున్నది వచ్చిందని ఆమే ఒకసారి అంది, నవ్వుతూ. బావి దగ్గర కొత్తవాళ్లు ఆ మచ్చ చూసి, బొల్లి అనుకుని బిందె జరుపుకునేవాళ్లు. అప్పటి నుంచి కొంగు చెంప మీదికి వచ్చింది. మగ్గం మీద కూర్చున్నా కొంగు అక్కడే. అంచు తడిమేటప్పుడు కూడా కళ్లు మూసుకోవడం మానేసింది, కొంగు జారుతుందేమోనని.

నేను ప్రకటనలు అబద్ధం చదవడం మొదలుపెట్టింది అప్పుడే. ఇంకేం చేయాలో నాకు తెలీలేదు. కాగితాలు ఆగలేదు, చదవమనడం ఆగలేదు. స్నో బొమ్మ వచ్చినప్పుడల్లా అదే రాగంతో, 'నల్లని మేనిఛాయ గలవారు దీర్ఘాయుష్మంతులగుదురు, వారికి ఎండదెబ్బ తగలదు' అని చదివేదాన్ని. "సూసినావా, నేను అప్పుడే అంటి" అని అవ్వ సంబరపడేది. అక్క వినేది. ఒకటి రెండుసార్లు కొంగు వెనక్కి తోసుకుని విన్నది. నాకు ఆశ పుట్టింది. ఇంకా ఇంకా కల్పించాను. నల్లనివాళ్ల చేతి నేతకు లక్ష్మి వశమగునని కూడా చదివాను.

ఒక రోజు, మా వీధికి కొత్తగా వచ్చిన బడిపంతులు భార్య చీర చూడ్డానికి మా పంచలో కూర్చుంది. ఆమెకు చదువొచ్చు. పక్కనున్న అట్ట తీసుకుని తన పాటికి తాను పైకి చదివింది. 'నల్లని మేనిఛాయ మీకు విచారము కలిగించుచున్నదా.' అక్క నా వైపు చూసింది. పంతులు భార్య పోయాక అక్క నా తల నిమిరి, "నా మంచికే సదివినావులే. ఇంక నాకేమీ సదవొద్దు పాపా" అంది. తిట్టి ఉంటే ఇంతకాలం గుర్తుండేది కాదు.

తర్వాత యుద్ధం వచ్చింది. నా పెళ్లయి ఆదోని చేరాను. మా ఆయన దూది మిల్లులో గుమస్తా. ఊళ్లో టాకీ సినిమా వచ్చింది. గోడల మీద మనిషంతంత తెల్లటి ముఖాలు అతికించేవాళ్లు. మా వీధి కోడళ్లు వాటిని చూసి కనుబొమలు సన్నం చేసుకునేవాళ్లు. ఒకామె నన్ను స్నో డబ్బా మీద రాసింది చదివిపెట్టమని అడిగితే, చదువు రాదని చెప్పాను. ఎవరితోనూ వాదించే ఓపిక నాకు అప్పటికే లేదు.

యుద్ధంలో నూలు దొరక్క ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగిపోయాయి. బావ షోలాపూరు పోయి అక్కడ నేతపనిలో చేరాడు. అక్క నా దగ్గరికి వచ్చి కొన్ని నెలలుంది. బావ తనకు రాయడం రాక, అక్కడి తెలుగువాళ్లెవరితోనో జాబు రాయించాడు. అక్క పటం ఒకటి తీయించి పంపమని. నేను చదివాను. అది మామూలు జాబే కాబట్టి ఆమె నమ్మింది.

ఆదోనిలో అప్పటికి ఒక పటాల కొట్టు వెలిసింది. ఎర్రంచు చీర కట్టించి తీసుకుపోయాను. కొట్టాయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "కొంగు తీసి మొగం ఎత్తమ్మా" అన్నాడు.

అక్క కొంగు తీయలేదు. చీర మడతలు సర్దుకుని, అంచు వేళ్ల మధ్య పట్టుకుని, నిదానంగా అడిగింది. "మొగం మీరే యేసుకుంటారు గదప్పా?"

ఆయనకు అర్థం కాలేదు. నేను ఎంత బతిమాలినా అక్క కొంగు తీయలేదు. చివరికి అట్లాగే తీశాడు. పటంలో చీర బాగా వచ్చింది. చేయి ఇంకా బాగా వచ్చింది. అదే షోలాపూరుకు పంపాం.

నెల దాటాక జాబు వచ్చింది. మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని ఆమె ఎదురుగా చదివాను. రాసిచ్చినాయన చేతిరాత గుండ్రంగా, పెద్దగా ఉంది. 'పటము చేరినది. చీర బాగున్నది. చీరలు నేనిక్కడ దినమూ చూచుచునే ఉన్నాను. నేను అడిగినది నీ మొగము. చూచి ఏడాది దాటినది. మచ్చ ఉంటే ఉండనీ. కొంగు తీసి, మొగము కనపడేటట్టు ఇంకొకటి తీయించి పంపేది.'

చదవడం ఆపి తలెత్తాను. అక్క నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. పంతులు భార్య చదివి పోయిన రోజు చూసిన చూపు.

"ఆ మాట దాంట్లో లేదు" అంది.

"ఉండాదక్కా. నీ మీద ఒట్టు."

"ఇంకోసారి సదువు."

చదివాను. నా గొంతు వణికింది. వణికినందుకు ఆమె అనుమానం ఇంకా గట్టిపడినట్టుంది. కావాలంటే ఇంకెవరి చేతనైనా చదివించుకోమన్నాను. మొగుడు రాసిన జాబు ఊరోళ్ల చేత యాడ సదివించుకునేది అంది. అప్పుడు నేను కాగితం ఆమె వైపు తిప్పి, ఆ వరుస మీద వేలు పెట్టాను. నేను అడిగినది నీ మొగము. ఆమె కాగితం తీసుకుంది. ఆ వరుసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా గోటితో తడిమింది. పోగు తప్పితే పట్టే గోటికి అక్షరం తగల్లేదు.

జాబు మడిచి నడుముకు దోపుకుంది. నా తల నిమిరింది.

"నువ్వు సిన్నప్పటి నుంచీ ఇంతే పాపా. మంచిదానివి" అంది.

ఆ జాబులో నేను ఒక్క అక్షరం కూడా కలపలేదు.